చుక్క తర్వాత ఏముందో ఎవరినడగాలి?

నేను కోడ్ రాసింది పెద్ద కంపెనీలకు కాదు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు, వనపర్తి ఊళ్లలోని డీటీపీ సెంటర్లకు, రైస్ మిల్లులకు, వకీళ్ల ఆఫీసులకు, స్కానింగ్ కాంట్రాక్టు పట్టినవాళ్లకు. అందరూ అడిగే ప్రోగ్రామ్ తిప్పి తిప్పి ఒకటే: ఫోల్డర్ చూపిస్తే అందులో ఏ రకం ఫైళ్లున్నాయో పట్టీ వేయాలి, ఏది ఏ ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటుందో చెప్పాలి. 2023లో దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు వచ్చాక మన పిల్లలు ఇంటి దగ్గరే ఉండి కోడ్ రాస్తున్నారు. వాళ్లు ఈ పట్టీ దగ్గరే తడబడుతుంటే చూసి ఈ పాఠాలు రాస్తున్నా.

1. పట్టిక మీరు రాయొద్దు.

కొత్తవాళ్లు మొదట చేసేది ఏమిటంటే, డాట్ పీడీఎఫ్ అయితే ఇది, డాట్ జేపీజీ అయితే అది అని ఇఫ్, ఎల్స్ ఇఫ్ గొలుసు అల్లడం. మన బండ్ల నంబర్లు చూడండి. ఏపీ 24 అంటే నల్లగొండ, ఏపీ 22 అంటే పాలమూరు అని మా తరానికి నోటికొచ్చు. తెలంగాణ రాష్ట్రం వచ్చాక అవి టీఎస్ 05, టీఎస్ 06 అయ్యాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు చీలితే సూర్యాపేటకు 29, నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. ఈ పట్టికను తన ప్రోగ్రామ్‌లో కొట్టిపెట్టుకున్నవాడు ప్రతిసారీ కోడ్ విప్పాల్సిందే. రవాణా శాఖ జాబితాను చూసేవాడికి ఆ బాధ లేదు. చుక్క తర్వాతి అక్షరాల, అంటే ఎక్స్‌టెన్షన్ల జాబితా కూడా ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంది. దాన్ని అడగండి.

టీఎస్ అంటే గుర్తొచ్చింది. డాట్ టీఎస్ ఫైలు విండోస్ లెక్కలో వీడియో, టైప్‌స్క్రిప్ట్ రాసేవాడికి కోడ్, క్యూటీ వాడేవాడికి అనువాదాల ఫైలు. ఏది సరి? ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నారో దాన్ని బట్టి. మీ ఇఫ్ గొలుసుకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

2. లోపల ఎలా దాచిందో ఒకసారి కళ్లారా చూడండి.

విండోస్‌లో రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి హెచ్‌కీ క్లాసెస్ రూట్‌లోకి వెళ్లండి, చూడ్డానికే, చేయి పెట్టడానికి కాదు. డాట్ టీఎక్స్‌టీ అనే కీ ఉంటుంది, దాని డిఫాల్ట్ విలువ సాధారణంగా టీఎక్స్‌టీఫైల్. దీన్నే ప్రోగ్‌ఐడీ అంటారు. ఇప్పుడు టీఎక్స్‌టీఫైల్ అనే కీని వెతికి పట్టుకుంటే అక్కడ టెక్స్ట్ డాక్యుమెంట్ అన్న వివరణ దొరుకుతుంది. దాని కింద షెల్, ఓపెన్, కమాండ్ అని మెట్లు దిగితే నోట్‌ప్యాడ్ దారి, దాని చివర శాతం గుర్తూ ఒకటీ కనిపిస్తాయి. ఆ శాతం ఒకటి ఉన్నచోటికే మీరు నొక్కిన ఫైలు పేరు వచ్చి చేరుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో అసోక్, ఎఫ్‌టైప్ అనే కమాండ్లు చూపేవీ ఈ రెండు దశలనే.

ఇంతేనా, నేనే చదువుకుంటా అంటారేమో. ఆగండి. ఆ రూట్ రెండు చోట్లను కలిపి చూపిస్తుంది. ఒకటి మెషీన్ మొత్తానిది, ఇంకోటి లాగిన్ అయిన మనిషిది. రెండింట్లోనూ ఉంటే మనిషిదే చెల్లుతుంది. ఇది చాలదన్నట్టు, ‘ఎప్పుడూ దీంతోనే తెరువు’ అని వాడేవాడు పెట్టిన టిక్కు యూజర్‌చాయిస్ అనే మరో కీలో, ఎక్స్‌ప్లోరర్ కింద లోతుగా ఉంటుంది. రూట్ ఒక్కటే చదివితే, క్రోమ్‌లో తెరుచుకునే పీడీఎఫ్‌ను మీ పట్టీ అక్రోబాట్ ఖాతాలో రాస్తుంది.

3. అడిగే తీరు తెలిసి అడగండి.

వివరణ కావాలంటే ఎస్‌హెచ్‌గెట్‌ఫైల్‌ఇన్ఫో ఫంక్షన్. టైప్‌నేమ్ ఫ్లాగ్‌తో పాటు యూజ్‌ఫైల్‌ఆట్రిబ్యూట్స్ ఫ్లాగ్ కూడా పెట్టండి. అది పెడితే ఫైలు డిస్కులో ఉండాల్సిన పని లేదు, ఉత్త డాట్ పీడీఎఫ్ అని ఇచ్చినా జవాబొస్తుంది. పెట్టకపోతే అది ప్రతి ఫైలు దగ్గరికీ వెళ్లి చూసొస్తుంది. వకీలు సాబ్ పాత కేసుల స్కాన్లన్నీ నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంటే, పట్టీ వచ్చేలోపు మీరు కిందికి దిగి చాయ్ తాగి రావచ్చు. ఇంకో మాట: ఒక్కో ఎక్స్‌టెన్షన్‌ను ఒక్కసారే అడిగి, జవాబును డిక్షనరీలో పెట్టుకోండి. వెయ్యి పీడీఎఫ్‌లుంటే వెయ్యిసార్లు అడగడం దండగ.

ఏ ప్రోగ్రామ్ తెరుస్తుందో కావాలంటే అసోక్‌క్వెరీస్ట్రింగ్. యూజర్‌చాయిస్ గొడవ అంతా అదే చూసుకుంటుంది. మొదట బఫర్ ఇవ్వకుండా పిలిస్తే ఎంత చోటు కావాలో చెబుతుంది, తర్వాత అంత చోటు ఇచ్చి మళ్లీ పిలవాలి. ఎవరికీ చెందని ఎక్స్‌టెన్షన్ ఇస్తే కొత్త విండోస్‌లు లేదనకుండా ఓపెన్‌విత్ డాట్ ఈఎక్స్‌ఈ అని చేతిలో పెడతాయి. అంటే ఎవరూ లేరని అర్థం. దాన్ని నిజమైన ప్రోగ్రామ్ అనుకుని పట్టీకెక్కించిన కోడ్ చాలా చూశాను. ఇగ్నోర్‌అన్‌నోన్ అనే ఫ్లాగ్ పెడితే లేదని సూటిగా చెబుతుంది.

లినక్స్‌లో ఈ పనికి ఎక్స్‌డీజీ మైమ్ ఉంది. క్వెరీ ఫైల్‌టైప్ అంటే రకం చెబుతుంది, క్వెరీ డిఫాల్ట్ అంటే ఆ రకాన్ని తెరిచేది ఎవరో చెబుతుంది.

4. వివరణ కంటికి, కోడ్‌కు కాదు.

టైప్ కాలమ్‌లో కంప్రెస్డ్ ఫోల్డర్ అని ఉంటే జిప్ అనుకో అని ఎవరో కండిషన్ రాస్తారు. కస్టమర్ విన్‌రార్ వేసుకున్న రోజున అదే ఫైలు విన్‌రార్ జిప్ ఆర్కైవ్ అవుతుంది, ప్రోగ్రామ్ కూలబడుతుంది. విండోస్ భాష మార్చినా వివరణ మారుతుంది. ఎందుకంటే చాలా రకాలకు రిజిస్ట్రీలో వివరణ మాటల్లో ఉండదు. అట్ గుర్తు, ఒక డీఎల్‌ఎల్ పేరు, కామా, ఒక అంకె మాత్రమే ఉంటాయి. ఆ అంకెకు ఏ భాషలో మాట ఉంటే అది తెర మీదికొస్తుంది. నిర్ణయం తీసుకోవడానికి ఎక్స్‌టెన్షన్‌నో ప్రోగ్‌ఐడీనో వాడండి. వివరణను మనిషికి చూపించి వదిలేయండి.

5. మీ మెషీన్‌లో నడిచిందని సంబరపడొద్దు.

మిర్యాలగూడ మిల్లుల్లో ధాన్యం లారీల పట్టీలు సీఎస్‌వీ ఫైళ్లుగా అప్‌లోడ్ చేసే పేజీ ఒకటి ఉండేది. రాసినవాడి ల్యాప్‌టాప్‌లో నీళ్లలా నడిచింది. మిల్లు గుమాస్తా అదే ఫైలు ఎక్కిస్తే ‘సీఎస్‌వీ మాత్రమే అనుమతి’ అని తిప్పికొట్టేది. ఫైలు మారలేదు. గుమాస్తా మెషీన్‌లో ఎక్సెల్ ఉంది, అదే తేడా. ఎక్సెల్ వచ్చేటప్పుడు డాట్ సీఎస్‌వీ కీ కింద కంటెంట్ టైప్ విలువను ఎంఎస్ ఎక్సెల్ రకంగా రాసిపెట్టింది. బ్రౌజర్ రిజిస్ట్రీలో దాన్ని చూసి సర్వర్‌కు అదే పంపింది. సర్వర్ మాత్రం టెక్స్ట్ సీఎస్‌వీ అన్న మాట కోసం కూర్చుంది.

పైథాన్‌లో మైమ్‌టైప్స్ మాడ్యూల్ కూడా విండోస్ మీద రిజిస్ట్రీని చదువుతుంది. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ డాట్ జేఎస్‌ను ఉత్త టెక్స్ట్ అని రాసిపోతే, మీ లోకల్ సర్వర్ జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను టెక్స్ట్ పేరుతో పంపుతుంది, బ్రౌజర్ వాటిని నడపనంటుంది, పేజీ తెల్లగా ఉంటుంది. రోజంతా కోడ్‌లో తప్పు వెతికేవాళ్లున్నారు. సర్వర్ పంపే నాలుగైదు రకాల ఫైళ్లకు మాత్రం కంటెంట్ టైప్ మీరే పేరుపెట్టి చెప్పండి.

6. ఎక్స్‌టెన్షన్ ఒట్టి మాట, సాక్ష్యం కాదు.

మన వైపు సర్వే నంబర్లకు బై నంబర్లుంటాయి, 124/అ, 124/ఆ అని. ఫైలు పేరులో విండోస్ ఆ గీతను ఒప్పుకోదు. స్కానింగ్ కుర్రాడు దాని బదులు చుక్క పెట్టి, అసలు ఎక్స్‌టెన్షన్‌ను చెరిపేసి ‘సర్వే 124.అ’ అని పేరు మార్చేస్తాడు. ఇక ఆ ఫైలు ఎక్స్‌టెన్షన్ డాట్ అ! విండోస్ టైప్ కాలమ్‌లో ‘అ ఫైల్’ అని నింపాదిగా చూపిస్తుంది. లోపలున్నది మాత్రం శుభ్రమైన పీడీఎఫ్. ఇట్లాంటప్పుడు ఫైలు మొదటి బైట్లు చదవాలి. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, పీడీఎఫ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది. ఈఎక్స్‌ఈ అయితే ఎంజెడ్, అది మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని మొదటి అక్షరాలు. జిప్ అయితే పీకే, అది ఫిల్ కాట్జ్ గుర్తు. లినక్స్‌లో ఫైల్ అనే కమాండ్ చేసేది ఇదే.

అయితే పీకే కనబడగానే జిప్ అని సంతకం పెట్టేయకండి. వర్డ్ డాక్‌ఎక్స్ కూడా పీకేనే, ఎక్సెల్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ కూడా, ఆండ్రాయిడ్ ఏపీకే కూడా. లోపల ఆండ్రాయిడ్ మానిఫెస్ట్ ఉందా లేదా చూస్తేనే తేలుతుంది. పెళ్లి పత్రిక, ఆర్టీఓ చలాన్, పీఎం కిసాన్ పేర్లు పెట్టుకుని వాట్సాప్‌లో తిరిగే ఏపీకేల గురించి పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఈ ఎత్తు పాతదే. 2000 మే నెలలో ప్రపంచాన్ని ముంచిన ‘ఐ లవ్ యూ’ వైరస్ పేరు చివర డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్ ఉండేది. తెలిసిన ఎక్స్‌టెన్షన్లను దాచే అలవాటు విండోస్‌ది కాబట్టి జనానికి టీఎక్స్‌టీ మాత్రమే కనిపించింది.

7. పాత ఫైళ్లకు దిక్కు మీరే.

మొదటి పాఠానికి ఇది మినహాయింపు. డీటీపీ సెంటర్ల బీరువాల్లోని సీడీల నిండా పేజ్‌మేకర్ ఫైళ్లే. 6.5 అయితే డాట్ పీ65, 7 అయితే డాట్ పీఎండీ. 2001 నాటి ఆ 7 తర్వాత అడోబీ కొత్త పేజ్‌మేకర్ తేలేదు. వివరణ రాసిపెట్టేది ఆ సాఫ్ట్‌వేరే కాబట్టి అది లేని కొత్త కంప్యూటర్‌లో ‘పీఎండీ ఫైల్’ అని తప్ప ఏమీ కనిపించదు. కుర్రాళ్లు పనికిరానివనుకుని చెరిపేస్తారు. అందులో అనూ ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాలున్నాయి బిడ్డా! సిస్టమ్‌ను ముందు అడగండి, లేదంటేనే మీ చిన్న పట్టిక తీయండి. ఇక్కడ అది పనికొస్తుంది.

8. ఇంకొకరి ఎక్స్‌టెన్షన్ లాక్కోవద్దు.

మీ ప్రోగ్రామ్ పీడీఎఫ్ తెరవగలిగితే ఓపెన్ విత్ జాబితాలో పేరు రాయించుకోండి, చాలు. విండోస్ 8 నుంచి యూజర్‌చాయిస్‌కు హ్యాష్ కాపలా పెట్టారు, దొంగదారిన రాసినా చెల్లదు. మీ ప్రోగ్రామ్‌ను తీసేసేటప్పుడు మీరు రాసిన కీలు మీరే తుడిచి పోండి.

ఈ పాఠాల్లో ఒక్కటీ ఈరోజు అమలు చేయలేకపోయినా ఇది చేయండి. కస్టమర్ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్కు పెట్టి, అది ఎందుకో ఆ గుమాస్తాకు రెండు మాటల్లో చెప్పి రండి.