పచ్చి ఓక్‌తో ఇల్లా అక్కా?

"అక్కా, ఇక్కడి వడ్రంగి పచ్చి కర్రతోనే ఇల్లు కడతానంటున్నాడు. మోసపోతున్నామేమో!"

ఇంగ్లండులో ఓక్ ఇల్లు కట్టించుకుంటున్న ఒక చెల్లెలి బెంగ ఇది. టేకు కొని, బాగా ఆరబెట్టాకే వడ్రంగి చేతికిచ్చే ఇళ్ళలో పెరిగాం కదా, అనుమానం రాదూ మరి!

మోసం కాదమ్మా, అక్కడి పాత పద్ధతే అది. ఓక్ పచ్చిగా ఉన్నప్పుడే ఉలికి లొంగుతుంది. ఆరిందంటే గట్టిపడి పనివాడి చేతులు పడిపోతాయి. పైగా అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరాలని అక్కడి లెక్క. ఎనిమిదంగుళాల దూలం కోసం అన్నేళ్ళు ఎవరాగుతారు చెప్పు?

పనితనమంతా అతుకుల్లోనే ఉంది. దూలం కొసన కుసి చెక్కుతారు, స్తంభానికి బెజ్జం తొలుస్తారు, రెండూ కూర్చి ఓక్ చీల దిగ్గొడతారు. ఇందులో ఒక కిటుకుంది, అది తెలిశాక నాకు ఆ వడ్రంగుల మీద గౌరవం పెరిగింది. కుసిలో చీల కోసం వేసే రంధ్రాన్ని స్తంభంలోని రంధ్రానికి సూటిగా వెయ్యరు, రవ్వంత పక్కకు జరిపి వేస్తారు. చీల దిగుతున్నకొద్దీ కుసిని లోపలికి లాక్కుని అతుకు బిగిసిపోతుంది. చీల మాత్రం ఆరిన కర్రదై ఉండాలి. ఇల్లు ఆరుతుంటే చుట్టూ ఉన్న పచ్చి కర్ర ముడుచుకుని దాన్ని గట్టిగా పట్టేస్తుంది.

ఇనుప మేకులెందుకు వద్దంటారో మన శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో గీస్తే గీత నల్లబడుతుంది కదా, ఓక్‌లో ఉన్నదీ ఆ వగరే. మామూలు ఇనుము తగిలితే కర్ర మీద నీలినలుపు మరకలు పడతాయి, మేకూ తుప్పు పట్టిపోతుంది. ఎక్కడైనా లోహం తప్పదనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలే వాడమను.

ఇక నెర్రెలు. ఆరేటప్పుడు దూలాల పొడవునా అవి వస్తాయి, చూసి గుండెలు బాదుకోవద్దు. మామూలుగా బలానికి లోటు రాదు. పుట్టీతో పూడ్చొద్దు. మొదటి చలికాలం హీటర్ ఒక్కసారిగా పెంచొద్దు, నిదానంగా ఆరనివ్వాలి. నెర్రె చీల దగ్గరికో అతుకు మీదికో పాకితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఇంజనీరుకి చూపించు.

మన్నిక సంగతంటావా, లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ హాల్ ఓక్ కప్పు 1390లలో హ్యూ హెర్లాండ్ అనే వడ్రంగి కట్టింది. ఇవాళ్టికీ ఉంది. పారిస్‌లో 2019లో నోత్రదామ్ కప్పు కాలిపోతే మళ్ళీ పచ్చి ఓక్‌నే గొడ్డళ్ళతో చెక్కి నిలబెట్టారు.

ఒక్క మాట విను తల్లీ. ఖర్చు తగ్గించాలనుకుంటే వంటింటి గ్రానైట్ దగ్గర తగ్గించుకో, దూలం మందం దగ్గర వద్దు. కర్ర ముడుచుకుంటుంది కాబట్టి కిటికీల అద్దాల చుట్టూ అది కదిలే చోటు వదులుతామని ఒప్పందంలో రాశారో లేదో చూడు. చూశాకే సంతకం పెట్టు.