కుట్టు మిషనుకు, ఎంబ్రాయిడరీకి సరైన దారం – ఎంపికలో మెలకువలు



మన వసతి గృహంలో ఉండే పిల్లల ఇళ్ళలో పొలం లేని ఇల్లు ఉంటుంది గానీ, వీధిలో ఒక్క కుట్టు మిషనైనా లేని ఊరు ఉండదు. ఆ మిషను మీద వచ్చే డబ్బుతోనే చాలామంది చదువులు సాగుతున్నాయి. అయినా బట్ట కొనేటప్పుడు పది దుకాణాలు తిరిగే మనం, దారం కొనేటప్పుడు మాత్రం రంగు కలిసిందా లేదా అని చూసి ఊరుకుంటాం. బట్ట ఎంత మంచిదైనా దానిని పట్టి ఉంచేది దారమే. ఈ వ్యాసంలో దారం గురించి అందరికీ పనికివచ్చే విషయాలు కొన్ని తెలుసుకుందాం.

1. దారాల్లో రకాలు

నూలు దారం: పత్తి నుంచి వస్తుంది. వేడికి తట్టుకుంటుంది, ఇస్త్రీకి భయం లేదు. కానీ సాగదు. తేమలో ఎక్కువకాలం ఉంటే పుచ్చిపోతుంది. ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ నూలును కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే అది బలపడుతుందని, రంగు బాగా పడుతుందని 1844లో గమనించి, 1850లో పేటెంటు పొందాడు. ఆయన పేరు మీదనే ఈ పద్ధతిని ‘మెర్సరైజేషన్’ అంటాం. రీలు మీద ‘మెర్సరైజ్డ్’ అని ఉంటే ఆ నూలు దారానికి మెరుపు, బలం రెండూ ఎక్కువని అర్థం.

పాలిస్టర్ దారం: 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టిన పీచు నుంచి తయారవుతుంది. నూలుకంటే బలమైనది, కొంచెం సాగుతుంది, నీటిలో బలం తగ్గదు, పుచ్చదు. ఈనాడు దర్జీలు రోజూ వాడేది ఎక్కువగా ఇదే.

రేయాన్ దారం: చెక్క గుజ్జు నుంచి చేస్తారు. పట్టులా మెరుస్తుంది కాబట్టి ఎంబ్రాయిడరీలో వాడతారు. కానీ తడిస్తే దీని బలం బాగా తగ్గుతుంది. కాబట్టి జాకెట్టు కుట్లకు దీనిని వాడరాదు.

ఏ దారమో తెలియకపోతే చిన్న పరీక్ష ఉంది. పెద్దవాళ్ళ ఎదుట, ఒక పళ్ళెం మీద, బెత్తెడు దారాన్ని పట్టకారుతో పట్టి కాల్చాలి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగిలితే అది నూలు గాని రేయాన్ గాని. కరిగి ముడుచుకొని గట్టి పూసలాగా మిగిలితే పాలిస్టర్. వెంట్రుకలు కాలిన వాసన వస్తే పట్టు.

2. రీలు మీద అంకెల అర్థం

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. దారం లావును కొలిచే పద్ధతులు అనేకం.

టెక్స్: 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని టెక్స్.
డెనియర్: 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు.

ఈ రెండింటిలో అంకె పెరిగితే దారం లావవుతుంది. నూలు కౌంటు దీనికి తలకిందులు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అది కౌంటు. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. టికెట్ నంబరు కూడా అంతే. 120 నంబరు దారం 60 నంబరు దారంకంటే సన్నం.

ఒక లెక్క చూద్దాం. ఎంబ్రాయిడరీ రీలు మీద 120/2 డెనియర్ అని ఉంటే, 120 డెనియర్ల పోగులు రెండు పేనారని అర్థం. మొత్తం 240 డెనియర్లు. 9000 మీటర్లకు 240 గ్రాములైతే 1000 మీటర్లకు సుమారు 27 గ్రాములు, అంటే 27 టెక్స్. ఈ దారాన్నే ఎంబ్రాయిడరీవాళ్ళు ‘40 నంబరు’ అంటారు. మరోవైపు 120 టికెట్ నంబరు కుట్టు దారం కూడా సుమారు 25 నుంచి 27 టెక్సే! అంటే పేరు మీద 40, 120 అని ఎంతో తేడా ఉన్నా లావు ఇంచుమించు ఒక్కటే. కాబట్టి అంకె ఒక్కటే చూడకుండా అది ఏ పద్ధతిలో అంకెో కూడా చూడాలి.

3. పురి

దారాన్ని నిలువుగా పట్టుకొని వెలుగులో చూడండి. పోగుల ఏటవాలు కింద ఎడమ నుంచి పైకి కుడివైపు పోతే, అంటే ఇంగ్లీషు ‘జెడ్’ అక్షరం మధ్య గీతలాగా ఉంటే, అది జెడ్ పురి. మామూలు కుట్టు మిషన్లకు ఇదే సరిపోతుంది. ఎదురు పురి ఉన్న దారం మిషనులో తిరిగేటప్పుడు పురి విడిపోయి, పోగులు చెదిరి తెగుతుంది.

పురి ఎందుకంత ముఖ్యం? ఒక్కొక్క కుట్టుకు మిషను బాబిన్ చుట్టూ తిరిగేంత దారాన్ని కిందికి లాగి, మళ్ళీ పైకి తీసుకుంటుంది. కుట్టులో మిగిలేది కొద్ది మిల్లీమీటర్లే. అందువల్ల దారంలోని ఒకే చోటు కుట్టులో కూర్చునేలోపు సూది బెజ్జంలో ఎన్నోసార్లు అటూ ఇటూ రాసుకుంటుంది. నాసిరకం దారం ఆ రాపిడికే నూగు లేచి తెగిపోతుంది. చేతి కుట్లకోసం మైనం పూసిన దారాన్ని మిషనుకు వాడకూడదనడానికీ కారణం ఇదే. ఆ మైనం టెన్షన్ బిళ్ళల మధ్య పేరుకుంటుంది.

4. దారానికి తగ్గ సూది

సూది మీద 90/14 అని రెండు అంకెలుంటాయి. 90 అంటే సూది మందం 0.90 మిల్లీమీటర్లు. 14 అనేది దానికే పాత నంబరు. పట్టు, వాయిల్ వంటి సన్నని బట్టలకు 9 లేక 11, చొక్కా, యూనిఫారం బట్టలకు 14, జీన్స్ వంటి మందపు బట్టలకు 16 లేక 18 నంబరు సూది వాడాలి.

సూది, దారం కుదిరాయో లేదో ఇలా చూడవచ్చు. జానెడున్నర దారాన్ని విడి సూదిలోకి ఎక్కించి, రెండు కొసలూ పట్టుకొని ఏటవాలుగా సాగదీయాలి. సూది తనంతట తాను కిందికి జారితే సరిపోయినట్టు. మధ్యలో ఆగితే బెజ్జం చిన్నదైనట్టు.

5. ఏ బట్టకు ఏ దారం?

దారం ఎంత బలంగా ఉంటే అంత మంచిదనుకోవడం పొరపాటు. దారం బట్టకంటే ఒక పాలు తక్కువ బలంతో ఉండాలి. బరువు పడినప్పుడు కుట్టు తెగితే మళ్ళీ వేసుకోవచ్చు. కుట్టు నిలిచి బట్ట చిరిగితే ఏం చేయగలం? అందుకే సన్నని బట్టకు సన్నని దారం. యూనిఫారం ప్యాంటు వంటి గట్టి బట్టకు, రోజూ కూర్చుని లేచేచోట కొంచెం సాగే పాలిస్టర్ దారం.

కుట్టు ముడతలు పడితే ముందు టెన్షన్ చూడాలి. బిగువుగా లాగిన పాలిస్టర్ దారం కుట్టిన తర్వాత తన మామూలు పొడవుకు తగ్గుతూ బట్టను కూడా లాక్కుంటుంది. నూలు దారమైతే ఉతికినప్పుడు కుంచించుకుపోయి ముడత తెస్తుంది.

ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళేవారు మరొకటి తెలుసుకోవాలి. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఉన్నటువంటి దుస్తుల కర్మాగారాల్లో మిషన్లు నిమిషానికి వేల కుట్లు వేస్తాయి. ఆ వేగానికి సూది బాగా వేడెక్కుతుంది. పాలిస్టర్ సుమారు 255–260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అందుకే అక్కడి దారాలకు వేడి తగ్గించే నూనె పూత ఉంటుంది. కాలితో తొక్కే మిషనుకు ఈ బాధ లేదు.

6. ఎంబ్రాయిడరీకి

మామూలు పనికి 40 నంబరు, చిన్న అక్షరాలకు 60 నంబరు సన్న దారం మంచిది. పండుగకు కట్టే జాకెట్టుకు రేయాన్ అందం. కానీ బడి బ్యాడ్జీకి, రోజూ ఉతికే బట్టకు పాలిస్టర్ ఎంబ్రాయిడరీ దారమే మేలు. అది బ్లీచింగుకు కూడా తట్టుకుంటుంది. బాబిన్‌లో పై దారంకంటే సన్నని దారం వేసి, పై టెన్షన్ కొంచెం వదులు చేయాలి. నిండు కుట్టును తిప్పి చూస్తే మధ్యలో మూడో వంతు బాబిన్ దారం కనబడాలి. జరీ దారానికి బెజ్జం పెద్దగా ఉన్న సూది, తక్కువ వేగం, ఇంకా వదులైన టెన్షన్ కావాలి.

7. రంగు

రీలులో కనబడే రంగుకంటే విడి పోగు రంగు లేతగా కనబడుతుంది. కాబట్టి ఒక పోగు తీసి బట్ట మీద పరచి, ట్యూబులైటు కింద కాక పగటి వెలుగులో చూసి, ఒక ఛాయ ముదురుది తీసుకోవాలి. ముఖ్యంగా ఎరుపు, మెరూన్, నలుపు దారాలను తెల్లగుడ్డ ముక్కతో కలిపి వేడి సబ్బు నీళ్ళలో అరగంట నానబెట్టండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం పక్కన పెట్టండి.

ఈ మాట నేను పుస్తకంలో చదివి రాయడం లేదు. మా అమ్మ జాకెట్లు కుడుతుంది. ఒకసారి రంగు దిగదని చెప్పి అమ్మిన ఎర్ర దారం, మొదటి ఉతుకులోనే గంధం రంగు పట్టు జాకెట్టు నిండా పాకింది. ఆ బట్ట ఖరీదు అమ్మే కట్టింది. పదిహేను రోజుల కుట్టుకూలి అందులోనే పోయింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఇప్పుడు ఎమ్మెస్సీ రసాయన శాస్త్రం చదువుతున్నాను. రంగు పీచును ఎలా పట్టుకుంటుందో, ఎందుకు వదులుతుందో తరగతిలో విన్న రోజున నాకు ఆ జాకెట్టే కళ్ళముందు కదిలింది. ఆ పాఠం ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లో కొత్త రీలు ఏది వచ్చినా ముందు సబ్బు నీళ్ళలో పడుతుంది. ఆ తర్వాతే మిషనెక్కుతుంది.

ముగింపు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! టెక్స్ లెక్క మీ గణితంలో ఉంది. కాల్చి చూసే పరీక్ష మీ సామాన్య శాస్త్రంలో ఉంది. పదో తరగతి తర్వాత ఈ దారి ఎంచుకునేవారికి ఐ.టి.ఐ.లలో ‘సూయింగ్ టెక్నాలజీ’ కోర్సు ఉంది. కుట్టుపని చిన్నదని ఎవరైనా అంటే నమ్మకండి. తెలిసి చేస్తే అది విద్య. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మిషను సొరుగు తీసి, రీళ్ళ మీది అంకెలు చదివి అమ్మకో అక్కకో వివరించండి. ఎండ తగిలేచోట, చెమ్మ ఉన్నచోట రీళ్ళు ఉంటే తీసి డబ్బాలో పెట్టండి. పాత దారాన్ని చేత్తో లాగి, పుటుక్కున తెగితే పారేయించండి. మనల్ని చదివిస్తున్న చేతులకు మన చదువు ఆ మాత్రమైనా సాయపడాలి కదా!