లాప్‌టాప్‌లో సాగు చేసే కొలువు

తొలకరి పడగానే వేరుశనగ విత్తాలా, మరో వాన దాకా ఆగాలా? ఉన్న ఒక్క బస్తా యూరియా అరెకరానికే వేయాలా, చేనంతా పలచగా చల్లాలా? రెండు మూడెకరాల రైతు ఇవన్నీ పొలంలో పరీక్షించి చూడలేడు. ఒక్క పంట పోతే అప్పే మిగులుతుంది. ఆ పరీక్షను ముందుగా కంప్యూటర్‌లో చేసి చూపేవారే క్రాప్ మోడలర్లు.

పని ఎలా ఉంటుంది?
రోజువారీ ఉష్ణోగ్రతలు, వర్షపాతం, ఎండ తీవ్రత, నేల పొరల వివరాలు, విత్తిన తేదీ, ఎరువుల మోతాదు మోడల్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఇస్తారు. పంట రోజురోజుకూ ఎలా పెరుగుతుందో, చివరికి ఎంత పండుతుందో అది లెక్కగడుతుంది. డీఎస్‌ఎస్‌ఏటీ, ఆస్ట్రేలియాలో పుట్టిన ఏప్సిమ్, వరి కోసం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇరి) రూపొందించిన ఒరైజా ఇలాంటి మోడళ్లలో పేరున్నవి.

ఇవి రైతుకు ఎలా పనికొస్తాయో జింబాబ్వే ఉదాహరణ చెబుతుంది. అక్కడ సిఫార్సు చేసినంత ఎరువు కొనే స్తోమత మెట్ట రైతుకు లేకపోయింది. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏప్సిమ్‌ను రైతుల ముందుంచి, 'మీ చేతిలో ఉన్నంతలో ఏం చేస్తే మేలు?' అన్న కోణంలో లెక్కలు వేశారు. తర్వాత 2003-04 నుంచి హెక్టారుకు 17 కిలోల నత్రజనితో రైతుల పొలాల్లోనే ప్రదర్శనలు పెడితే, దిగుబడి 30-50 శాతం పెరిగింది. రైతు డబ్బు, కూలీలు, కలుపు తీసే తీరిక తెలియకుండా నడిపిన మోడల్ కాగితానికే పరిమితం. అందుకే ఈ రంగంలో కోడింగ్ ఎంత అవసరమో, రైతుతో మాట్లాడటమూ అంతే అవసరం.

ఏం చదవాలి?
బైపీసీ వారు ఈఏపీసెట్‌తో బీఎస్సీ అగ్రికల్చర్‌లో, ఎంపీసీ వారు బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లో చేరవచ్చు. పీజీలో ఆగ్రానమీ, వ్యవసాయ వాతావరణ శాస్త్రం, మృత్తికా శాస్త్రం అనుకూలం. స్టాటిస్టిక్స్‌తోపాటు ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్, భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్) నేర్చుకోవాలి.

అవకాశాలు
పటాన్‌చెరులోని ఇక్రిశాట్, హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా), వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలను గమనిస్తుండాలి. పంటల బీమా, అగ్రిటెక్ సంస్థలకూ దిగుబడి అంచనా వేయగలవారు కావాలి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు.

ఇలా మొదలుపెట్టండి
డీఎస్‌ఎస్‌ఏటీ ఉచితమే. రోజువారీ వాతావరణ డేటా నాసా పవర్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ ఊళ్లో ఒక రైతు వరి సాగు వివరాలు రాసుకుని మోడల్ నడపండి. అది చెప్పిన దిగుబడికీ, కళ్లంలో తూచిన ధాన్యానికీ తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఆ రెండు పేజీలే మీ గురించి ఎక్కువ చెబుతాయి.