అభిమాన పాఠకులు – అనుబంధ రచనలు

కథ ముగిసిన తరువాత కూడా అందులోని పాత్రలు కొందరు పాఠకులను విడిచిపోవు. "ఆపైన ఏమైంది?" అనే ప్రశ్నకు తామే కలం పట్టి సమాధానం వ్రాసుకొనేవారిని అభిమాన రచయితలు అనవచ్చు. ఇట్టి రచనల విలువ ఏమిటి, వాటికి హద్దు ఎక్కడ అనే రెండు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

ఇందుకు జగద్విదితమైన ఉదాహరణ అమెరికాలోని 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహిక. అంతరిక్ష నౌకలో సాగే ఈ వైజ్ఞానిక కల్పన 1966లో ప్రారంభమైంది. మరుసటి సంవత్సరమే అభిమానులు 'స్పాకనేలియా' అనే చిన్న పత్రికను స్వయంగా వెలువరించారు. ధారావాహికను నిలిపివేస్తారన్న వార్త పుట్టినప్పుడు వారు వ్రాసిన ఉత్తరాల వెల్లువ 1968లో మూడవ విడత ప్రసారానికి తోడ్పడింది. 1969లో ప్రసారం ఆగినా అభిమానుల కలాలు ఆగలేదు. 1972లో న్యూయార్క్‌లో వారు మహాసభ జరిపారు. 1979లో అదే కథ చలనచిత్రంగా మళ్ళీ ప్రాణం పోసుకొంది.

ఉదాహరణకై అంత దూరం పోనక్కరలేదు. ఉర్దూ పాఠకులకు ఇబ్నె సఫీ పేరు సుపరిచితం. ఆయన 1952లో 'జాసూసీ దునియా' నవలలను, 1955లో 'ఇమ్రాన్' నవలలను ఆరంభించారు. వాటిలో అపరాధ పరిశోధనమే ప్రధానమైనా, విజ్ఞానశాస్త్ర బలంతో లోకాన్ని లొంగదీయజూచే 'జీరోలాండ్' అనే రహస్య రాజ్యం కూడా కనిపిస్తుంది. 1960 మొదలు దాదాపు మూడేండ్లు ఆయన అస్వస్థులై రచన మానగా, ఆయన పేరును పోలిన పేర్లతో నకలు నవలలు బజారును నింపాయి. 1963లో 'డేఢ్ మత్‌వాలే'తో ఆయన తిరిగి రాగానే పాఠకులు అసలును ఆదరించారు.

హద్దు ఇక్కడే తెలుస్తున్నది. తన పేరు చెప్పుకొని, మూలకర్త ఋణాన్ని ఒప్పుకొని వ్రాయడం అభిమానం. పరుని పేరును సొమ్ము చేసుకోవడం అపహరణం.

ఇక విలువ మాట. ఇంట ఉర్దూ మాట్లాడుతూ, చదువు మాత్రం తెలుగులోనే సాగించే విద్యార్థులు మనలో ఉన్నారు. తాతగారు మురిసిపోయి చదివిన ఇమ్రాన్ నవల వారికి లిపి తెలియని గ్రంథం. ఉర్దూ చదవగల మిత్రుడు కథ చెప్పగా తెలుగు మిత్రుడు వ్రాసుకొంటే ఆ లోటు కొంత తీరుతుంది. తెలుగునాట లిఖిత పత్రికల సంప్రదాయం ఉండనే ఉంది. దానికి అచ్చుకూలి అక్కరలేదు, కాగితము, ఓపిక చాలు.

ఆ తరువాత ఇమ్రాన్‌నే మన సీమకు రప్పించవచ్చు. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ అనంతపురం మెట్టలో, వందల అడుగులు బోరు దించినా నీరు పడని వేరుశనగ చేలో, అతడు ఏ రహస్యాన్ని ఛేదిస్తాడు? ఆ కథ వ్రాయబూనిన విద్యార్థికి కొంత దూరం పోయిన మీదట ఇమ్రాన్‌తో పని ఉండదు. ఆ స్థానంలో మన ఊరి బాలుడో బాలికో వచ్చి నిలుస్తారు. అభిమాన రచన ప్రయోజనం ఆనాడే నెరవేరుతుందని మా విశ్వాసం.