ఇంటి కప్పునకు నురుగు కవచము: ఎంపికలో గమనింపదగిన విషయములు

ఇల్లు కట్టుకొనునప్పుడు మనము గోడల పటుత్వమును, గదుల కొలతలను, ద్వారముల దిశను విచారించినంతగా కప్పునుండి దిగు వేడిని విచారింపము. హైదరాబాదు వంటి దక్కను నగరములలో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుట అరుదు కాదు. అట్టి దినములలో ఎండను నేరుగా గ్రహించు కాంక్రీటు కప్పు గాలికంటె మిక్కిలిగా కాగి, 60 డిగ్రీలకు కూడ చేరగలదు. సూర్యుడు అస్తమించిన తరువాతను ఆ కప్పు తాను దాచుకొన్న వేడిని క్రింది గదిలోనికి విడుచుచునే యుండును. పై అంతస్తున అద్దెకున్న కుటుంబము, పరీక్షలకు చదువుకొను విద్యార్థి, ఇంటిలోనే కుట్టుపని చేసుకొను గృహిణి, మంచము దిగలేని వృద్ధులు ఈ వేడికి మొదట గురియగుదురు. కావున కప్పును చల్లబరచుట విలాసము కాదు, ఆరోగ్య రక్షణము.

ఈ పనికై ఇటీవల పాలీయురెథేన్ అను నురుగును యంత్రముతో చల్లు పద్ధతి మన పట్టణములలో వ్యాపించుచున్నది. అందు రెండు జాతులు కలవు. వాని భేదము తెలియక ధర తక్కువైనదానిని ఎంచుకొన్నచో ధనము వృథా యగును. ఆ భేదమును, ఎంపిక చేయు విధానమును ఈ వ్యాసమున వివరించుచున్నాము.

పూర్వుల మార్గము

మన పెద్దలు ఈ సమస్యను ఎరుగనివారు కారు. పాతబస్తీ దేవిడీల మందమైన గోడలు, ఎత్తైన కప్పులు, పైభాగమున అమర్చిన రోషన్‌దానులు వేడిగాలిని వెలుపలికి పంపుటకే ఏర్పడినవి. మిద్దెలపై ఇటుక ముక్కలు, సున్నము కలిపి దిమ్మిస చేయుట, కొన్నిచోట్ల మట్టికుండలను బోర్లించి వానిపై సున్నపు పూత వేయుట ఆచారముగ నుండెను. బోర్లించిన కుండలో చిక్కిన గాలియే అచట వేడికి అడ్డుగోడ. నేటి నురుగు పనిచేయు సూత్రమును ఇదియే. పెద్ద కుండలకు మారుగా కంటికి ఆనని కోట్లాది చిన్న గదులు ఇందుండును.

నురుగు పుట్టు విధము

పాలీయురెథేన్ రసాయన ప్రక్రియను 1937లో జర్మనీలో ఆటో బేయర్, ఆయన సహచరులు కనుగొనిరి. ఐసోసయనేటు అను ద్రవమును, పాలీయోల్ అను ద్రవమును వేరువేరు పీపాలనుండి గొట్టముల ద్వారా తెచ్చి, తుపాకి వంటి పరికరపు కొసయందు కలిపి చల్లుదురు. అవి కొన్ని క్షణములలోనే పొంగి గట్టిపడును. ఆ పొంగునకు కారణమైన వాయువును బట్టియు, ఏర్పడిన గదుల తీరును బట్టియు నురుగు రెండు విధములగును.

మొదటిది ఓపెన్ సెల్ నురుగు. దీని గదుల గోడలు తెగి, ఒకదానితో నొకటి కలిసియుండును. నొక్కిన స్పాంజివలె లోనికి పోవును. ఐసోసయనేటుతో నీరు కలిసినపుడు పుట్టు కార్బన్ డయాక్సైడు వలన ఇది సుమారు 100 రెట్లు పొంగును. ఘనపు మీటరు బరువు సుమారు 8 కిలోలు మాత్రమే. ధర తక్కువ, శబ్దమును బాగుగా అణచును. అయితే నీటిని, నీటి ఆవిరిని అడ్డగింపలేదు.

రెండవది క్లోజ్డ్ సెల్ నురుగు. దీని గదులు మూతపెట్టిన కుండలవలె దేనికది మూసికొనియుండును. 30 నుండి 40 రెట్లు మాత్రమే పొంగును. ఘనపు మీటరు బరువు 32 కిలోలు మొదలుకొని, మిద్దెలపై వాడు రకములలో 50 కిలోల దాక నుండును. గట్టిగా నుండి బరువు మోయును, నీటిని పీల్చుకొనదు. గదులలో బంధింపబడిన వాయువు గాలికంటె తక్కువ ఉష్ణవాహకత కలది కనుక వేడిని మరింతగా ఆపును.

ఒక చిన్న లెక్క

మందమును మీటర్లలో తీసికొని ఉష్ణవాహకతచే భాగించినచో ఉష్ణనిరోధము లభించును. క్లోజ్డ్ సెల్ ఉష్ణవాహకత సుమారు 0.025. ఓపెన్ సెల్‌ది సుమారు 0.038. ఉక్కు కలిసిన కాంక్రీటుది సుమారు 1.58. కావున 5 సెంటీమీటర్ల క్లోజ్డ్ సెల్ నిరోధము 2.0, అంతే మందముగల ఓపెన్ సెల్ నిరోధము 1.3, 10 సెంటీమీటర్ల కాంక్రీటు నిరోధము 0.06 మాత్రమే. పైనను క్రిందను ఆనియుండు గాలిపొరలను కలుపుకొన్నను వట్టి కప్పు నిరోధము పావు వంతునకు మించదు. దానిపై 5 సెంటీమీటర్ల క్లోజ్డ్ సెల్ చేర్చినచో మొత్తము 2.25 అగును. అనగా కప్పుగుండా దిగు వేడి సుమారు తొమ్మిదవ వంతునకు తగ్గును. గోడలనుండి, కిటికీలనుండి వచ్చు వేడి మాత్రము తగ్గదు. ఇంటిలోని వేడి యంతయు పోవునని చెప్పు వర్తకుని మాట నమ్మరాదు.

బరువు విషయమును గమనింపుడు. 10 సెంటీమీటర్ల ఇటుక సున్నపు దిమ్మిస చదరపు మీటరునకు సుమారు 200 కిలోలు తూగును. 5 సెంటీమీటర్ల నురుగు 3 కిలోలైనను తూగదు. పాతబడిన కప్పులకు ఇది గొప్ప సౌకర్యము.

ఏది ఎచట తగును?

అమెరికాలో మన తెలుగువారు కాపురముండు ఇండ్లు పెక్కు చెక్క చట్రముతో కట్టినవి. అచట గోడల నడిమి ఖాళీలను నింపుటకు ఓపెన్ సెల్ చాలాచోట్ల ఉపయోగపడును. మన మిద్దె పరిస్థితి వేరు. దానిపై వాన కురియును, మనుషులు నడతురు, మిరపకాయలు ఎండబోయుదురు. అందుచే కాంక్రీటు కప్పు పైభాగమునకు క్లోజ్డ్ సెల్ మాత్రమే తగినది. ఓపెన్ సెల్‌ను మిద్దెపై చల్లినచో మొదటి వర్షమునకే నీరు పీల్చి నిరుపయోగమగును. రేకుల కప్పు అడుగున చల్లుటకును క్లోజ్డ్ సెల్ మేలు. గదిలోని ఆవిరి రేకును చేరి చెమ్మగా మారుటను అది నిరోధించును. ఇంటిలోపల రెండు గదుల నడుమ శబ్దమును తగ్గించుటయే ఉద్దేశమైనచో ఓపెన్ సెల్ చాలును.

నురుగును కప్పు పైన వేయుట, అడుగున వేయుటకంటె శ్రేష్ఠము. పైన వేసినపుడు కాంక్రీటే చల్లగా నుండును, ఎండకు వ్యాకోచించి పగులుట తగ్గును. చెక్క దూలముల పాత ఇండ్లలో మాత్రము తొందరపడరాదు. చెమ్మ లోపల చిక్కి చెక్క పుచ్చిపోవునను భయమున ఇంగ్లండులో కొన్ని ఋణసంస్థలు అట్టి ఇండ్లపై అప్పునిచ్చుటకు వెనుకాడుచున్నవి.

జాగ్రత్తలు

ఎండలోని అతినీల లోహిత కిరణములు నురుగును పొడిచేయును. కావున దానిపై రక్షణపూతగాని, సిమెంటు పొరతో పలకలుగాని తప్పనిసరి. ఈ ఖర్చును బేరములో ముందే చేర్చవలెను. నురుగు మండు స్వభావము కలది, మండినపుడు విషవాయువులను వెలువరించును. గదిలోపల చల్లినచో జిప్సం పలకలతో కప్పకుండ విడువరాదు.

ఐసోసయనేటు అనగానే 1984 డిసెంబరులో భోపాలున జరిగిన ఘోరము స్ఫురించును. అచట వెలువడిన మిథైల్ ఐసోసయనేటు సులభముగ ఆవిరియగు వేరొక పదార్థము. నురుగునకు వాడునది అంత ఆవిరి కాదు. అయినను చల్లునప్పటి తుంపర ఊపిరితిత్తులకు హానిచేసి ఉబ్బసము కలిగింపగలదు. కూలికి వచ్చిన పనివాడు ముఖమునకు రుమాలు కట్టుకొని చల్లుట చాలదు. అతనికి తగిన శ్వాసకవచము ఇచ్చితిరా యని అడుగుట ఇంటివారి ధర్మము. ఇంటివారును ఒక దినము దూరముగ నుండుట క్షేమము.

పొంగించు వాయువునుగూర్చియు అడుగవలెను. ఓజోన్ పొరను రక్షించుటకు 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. దాని ననుసరించి మన దేశము హెచ్.సి.ఎఫ్.సి. 141బి దిగుమతిని 2020 జనవరి 1 నుండి నిలిపివేసినది.

పని ముగిసిన పిదప నురుగు ఏ జాతిదో విద్యార్థియు పరీక్షింపవచ్చును. 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందముగల ముక్కను కోయించి తూచవలెను. క్లోజ్డ్ సెల్ అయినచో 16 నుండి 25 గ్రాములు తూగును. 4 గ్రాములే తూగినచో అది ఓపెన్ సెల్. కోసినచోటును వెంటనే పూడ్పించవలెను.

నురుగు కొనలేనివారు నిరాశ చెందనక్కరలేదు. మిద్దెపై తెల్లని సున్నము పూయుట అన్నిటికంటె చౌకయైన ఉపాయము. అది ఎండను వెనుకకు త్రిప్పిపంపును. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని కప్పుల విధానము ఇట్టి మార్గములనే ప్రోత్సహించుచున్నది. 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలములలోని నివాసములకు దీనిని తప్పనిసరి చేసినది. అంతకు చిన్న ఇండ్లకు అది ఐచ్ఛికము. వేడి ఎక్కువగా బాధించునది ఆ చిన్న ఇండ్లనే కనుక అచట ఈ పని మన చేతులలో నున్నది. వేసవి సెలవులకు ముందు మన విద్యార్థులు తమ వీధిలోని వృద్ధుల ఇండ్లపై సున్నము వేయుటకు పూనుకొందురేని, భౌతికశాస్త్ర పాఠము పుస్తకము దాటి పొరుగువారికి నీడయై నిలుచును.