పంక్తి నుండి వెనుదీసిన పేతురు

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము, గలతీయులకు 2:11–14



పేతురు యొప్పేలో దర్శనము చూచెను. కొర్నేలీ యింట అడుగుపెట్టెను. దేవుని యెదుట జాతిభేదము లేదని ఆయనకు బాగుగా తెలియును. అయినను అంతియొకయలో యాకోబు నొద్దనుండి కొందరు రాగానే, అన్యులతో కలిసి తినుట మానెను. తెలియక కాదు, తనవారేమందురో యను భయముచేతనే. బర్నబా సయితము ఆయన వెంట పోయెను. కావున పక్షపాతము అజ్ఞానమువలననే కలుగునని తలంచరాదు. తెలిసినవారిలోను అది దాగియుండి, తనవారు చూచుచున్నప్పుడు బయటపడును.

1822లో కడపలో లండన్ మిషను సేవ మొదలైనది. నాటినుండి మన కర్నూలు, కడప సీమలలో మాలలు, మాదిగలు వేలాదిగా సువార్తను అంగీకరించిరి. అయితే పెక్కు గ్రామములలో పేటలు వేరుగానే నిలిచినవి. కొన్నిచోట్ల మందిరములును వేరైనవి. 1947లో దక్షిణ ఇండియా సంఘముగా పలు మిషనుల సంఘములు ఏకమాయెను. 1950లో రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. ఊరిబావియొద్ద తమకు జరిగిన అవమానమును తలంచి దుఃఖించువారే, పక్కపేట విశ్వాసితో వియ్యమందుటకు జంకుట ఇంకను కలదు.

1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 22 మంది బాలురను రెండు గుంపులుగా చేసెను. అందరిదీ ఒకే జాతి, ఒకే మతము. పోటీలు పెట్టగానే తిట్లు, తగవులు పుట్టెను. ఒకచోట భోజనము పెట్టినను పగ తగ్గలేదు. తరువాత శోధకులు నీళ్లు ఆగునట్లు చేయగా, ఇరుగుంపులును కలిసి తొట్టియొద్ద అడ్డును తీసిరి. అట్టి పనులు మరికొన్ని చేసిన పిమ్మట స్నేహము కలిగెను. అదే యేట గోర్డన్ ఆల్‌పోర్ట్ తన గ్రంథములో నాలుగు సంగతులు చూపెను: సమాన స్థానము, ఒకే గురి, కలిసి పనిచేయుట, పెద్దల మద్దతు.

కాబట్టి ఏటికొక క్రిస్మసు విందు చాలదు. కరువుసీమలో కలిసి చేయవలసిన పనికి కొదువ లేదు. చెరువు పూడిక తీయుటలోను, మందిరపు గోడ కట్టుటలోను ఇరుపేటలవారు కూడవలెను. సంఘపు లెక్కలు, పెద్దరికము ఒక పేటవారి సొత్తు కారాదు. పౌలు చాటున గొణుగక, అందరి యెదుటనే పేతురుతో మాటలాడెను. మన పెద్దలును అట్లే మాటలాడవలెను.

కూడి ఆలోచింపుడి:
1. మనవారు చూచుచున్నప్పుడు మన నడత ఎట్లు మారుచున్నది?
2. మన సంఘ పెద్దలలో ఏ పేటవారు లేరు? ఎందుచేత?
3. ఈ నెలలో ఇరుపేటలవారు కలిసి చేయగల పని యేది?