ఇంట్లో మెయిల్ సర్వర్ పెడతానన్న మేనల్లుడికి

చి. అల్లుడికి,


మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వీడు ఆ పాత కంప్యూటర్ ముందేసుకుని రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, నువ్వైనా చెప్పరా" అంది. మానిపించమని ఆవిడ ఉద్దేశం. నేను మాత్రం మానమని చెప్పను. సొంత డొమైన్, సొంత మెయిల్ పెట్టె కావాలనుకోవడం మంచి ముచ్చటే. వాట్సాప్‌లో ఉన్నవాడితో మాట్లాడాలంటే మన దగ్గర నువ్వూ వాట్సాప్‌లో ఉండాల్సిందే. మెయిల్‌కి ఆ బాధ లేదు. విశాఖలో మీ హాల్లో టీవీ వెనక పెట్టిన డబ్బా కూడా గూగుల్ సర్వర్‌తో నేరుగా, అదే భాషలో మాట్లాడొచ్చు.

మాట్లాడొచ్చు అన్నాను గానీ అవతలివాడు వింటాడని అనలేదు. మెయిల్ అందుకోవడం ఒక పని, పంపడం వేరే పని. మొదటిది ఇంట్లో హాయిగా పెట్టుకో. రెండోది మాత్రం ఇంటి లైను మీద నుంచి చెయ్యకు.

మెయిల్ అందుకోవాలంటే, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాం జోలికి వెళ్ళకముందే రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ, అంటే బయటివైపు అడ్రసు, ఎంతుందో చూడు. 100.64 నుంచి 100.127 లోపు ఏదైనా కనిపిస్తే నీకు సొంత పబ్లిక్ ఐపీ లేనట్టే. ఆ అడ్రసుల గుంపుని 2012లో ఇందుకోసమే పక్కకి తీశారు. దీని పేరు సీజీనాట్. ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక నెట్ కంపెనీ చాలామంది కస్టమర్లని సర్దేస్తుంది. వ్యాన్ ఐపీ 10తో మొదలైనా అంతే సంగతి. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు పెట్టినా బయటివాళ్ళు మెయిల్ వచ్చే నీ 25వ పోర్టుకి చేరలేరు, అడ్డున్నది కంపెనీ పరికరంలో కనక. మన ఇళ్ళకొచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలే. స్టాటిక్ ఐపీ విడిగా డబ్బు కడితే ఇస్తారు. కట్టేముందు రెండు మాటలు అడుగు: 25వ పోర్టు రెండువైపులా తెరిచి ఉంటుందా, నా ఐపీ ఏ పేరుదో చెప్పే పీటీఆర్ రికార్డు పెడతారా అని. సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకు.

ఇంటినుంచి పంపొద్దని ఎందుకంటున్నానో తెలియాలంటే ఒకసారి చేత్తో మెయిల్ పంపి చూడు. నీ సర్వర్ మీదే టెల్‌నెట్‌తో 25వ పోర్టు పట్టుకో. 220 అని పలుకుతుంది. ఈహెచ్ఎల్ఓ అని కొట్టి పక్కన నీ పేరు రాయి, 250 వస్తుంది. మెయిల్ ఫ్రమ్ అని పంపేవాడి అడ్రసివ్వు, ఆర్‌సీపీటీ టూ అని అందుకునేవాడి అడ్రసివ్వు. డేటా అంటే 354, అంటే రాసుకో అని. రాయాల్సింది రాసి, ఒక లైన్లో ఒట్టి చుక్క పెట్టి ఎంటర్ కొట్టు. మళ్ళీ 250. మెయిల్ వెళ్ళిపోయింది. ఇంతసేపట్లో నువ్వెవరివి అని నిన్ను ఎవరైనా నిలదీశారా? మెయిల్ ఫ్రమ్ దగ్గర కలెక్టరుగారి అడ్రసు రాసినా అది పుచ్చుకునేది. జాన్ పోస్టెల్ ఈ పద్ధతిని 1982లో రాసిపెట్టేనాటికి నెట్‌వర్క్ మీద ఉన్నది చాలావరకు యూనివర్సిటీలవాళ్ళు, పరిశోధనశాలలవాళ్ళు, సైన్యంవాళ్ళు. తాళం అవసరమని అనిపించలేదు.

ఆ తరవాత స్పామ్ వరదొచ్చి పడింది. అందులో చాలా భాగం వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్ల నుంచే వచ్చేది. దాంతో నెట్ కంపెనీలు ఇళ్ళనుంచి బయటికెళ్ళే 25వ పోర్టుని మూసేయడం మొదలుపెట్టాయి. స్పామ్‌హౌస్ అనే సంస్థ పీబీఎల్ అని ఒక జాబితా నడుపుతుంది. ఇంటి కనెక్షన్లకిచ్చే ఐపీల గుంపులు గుంపులు అందులో ఉంటాయి, కొన్నిటిని నెట్ కంపెనీలే స్వయంగా ఇస్తాయి. నువ్వేదో తప్పు చేశావని అందులో చేర్చరు. ఇలాంటి అడ్రసు నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్నదే ఆ జాబితా అర్థం. సంబంధం చూడ్డానికొచ్చినవాళ్ళు పిల్లాడి గుణం కన్నా ముందు వీధిలో వాకబు చేసినట్టు, అవతలి సర్వర్ నీ మెయిల్ తెరవకముందే నీ ఐపీ గురించి ఆరా తీస్తుంది. డొమైన్‌లో నువ్వు ఏ రికార్డు పెట్టుకున్నా పీటీఆర్ మాత్రం నీ చేతిలో ఉండదు. ఐపీ ఎవరిదైతే వాళ్ళే పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ మరీ బిగించింది. ఎంత చిన్నవాడు పంపినా ఎస్‌పీఎఫ్ (ఏ ఐపీల నుంచి పంపొచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ సంతకం) గానీ ఉండాలి, పంపే ఐపీకి పీటీఆర్ ఉండాలి. రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకైతే రెండూ ఉండాలి, పైన, అవి తప్పితే ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్ కూడా. నువ్వు చిన్నవాడివే అయినా మూడూ పెట్టుకో. డీమార్క్‌ని మొదట ఊరికే గమనించే స్థాయిలో ఉంచి, తరవాత బిగించు.

మరి పంపడం ఎలాగంటావా? రెండు దారులున్నాయి. సులువైనది, డబ్బు తీసుకుని మెయిల్ మోసిపెట్టే రిలే సర్వీసు. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ దగ్గర వాళ్ళ పేరు, 587వ పోర్టు రాసి, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. నీ మెయిల్ వాళ్ళ చేతుల మీదుగా వెళుతుందన్నది నిజమే. కానీ నువ్వు రాసేవాళ్ళలో సగంమంది జీమెయిల్‌లోనే ఉన్నారు కదా, ఎలాగూ అక్కడికే చేరేదానికి అంత బెంగ అక్కర్లేదు.

రెండోది, నాకు నచ్చేది: నెలవారీ అద్దెకి ఒక చిన్న వీపీఎస్, అంటే నెట్‌లో ఉండే వర్చువల్ సర్వర్, తీసుకుని, ఇంటికీ దానికీ మధ్య వైర్‌గార్డ్ టన్నెల్ వెయ్యడం. ఇంటివైపు నుంచే కనెక్షన్ మొదలవుతుంది కాబట్టి సీజీనాట్ గొడవ ఉండదు. కీప్అలైవ్ 25 సెకన్లకి పెడితే లైను తెగకుండా నిలుస్తుంది. మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు వీపీఎస్ పేరు మీద, పీటీఆర్ కూడా అదే పేరుకి. తీసుకునేముందు 25వ పోర్టు సంగతి ఇక్కడా అడుగు, కొత్త ఖాతాలకి మూసి ఉంచేవాళ్ళు వీళ్ళలోనూ ఉన్నారు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, చూసుకుని నడువు. కొందరు వీపీఎస్ మీదకొచ్చిన 25వ పోర్టుని ఐపీటేబుల్స్‌తో మాస్కరేడ్ చేసి నేరుగా ఇంటికి తిప్పేస్తారు. అప్పుడు ఇంట్లో పోస్ట్‌ఫిక్స్‌కి ప్రపంచంలో ఎవరొచ్చినా టన్నెల్ అడ్రసు నుంచి వచ్చినట్టే కనిపిస్తారు. ఆ అడ్రసుని మైనెట్‌వర్క్స్ అనే నమ్మకస్తుల జాబితాలో రాసి ఉంటే ఇక ఎవడు ఎవడికి పంపమన్నా పంపేస్తుంది. ఓపెన్ రిలే అంటే ఇదే. తెరిచి ఉన్న 25వ పోర్టు కోసం రాత్రీపగలూ వెతికేవాళ్ళుంటారు, నీ వీపీఎస్ ఐపీ పరువు ఒక్క రాత్రిలో పోతుంది. అందుకని వీపీఎస్‌లో కూడా చిన్న పోస్ట్‌ఫిక్స్ పెట్టి, అదే అందుకుని ఇంటికి పంపేట్టు చెయ్. నీ డొమైన్‌లో నిజంగా ఉన్న అడ్రసుల జాబితా దానికీ ఇవ్వు. లేకపోతే లేని అడ్రసులకొచ్చిన చెత్తనంతా ముందు పుచ్చుకుని, ఆనక సంబంధం లేనివాళ్ళకి తిప్పిపంపుతూ కూర్చుంటుంది.

డీకిమ్ తాళంచెవి ఇంట్లోనే ఉంచు, సంతకం ఇంట్లోనే జరగనీ. 2048 బిట్ల కీ తీసుకుంటే డీఎన్ఎస్‌లో ఒక ముక్కలో పట్టదు, 255 అక్షరాలకి ఒక ముక్క చొప్పున విడగొట్టాలి. కొన్ని డొమైన్ కంపెనీల పేజీలు అతికించినదాన్ని చెప్పాపెట్టకుండా కత్తిరించేస్తాయి. పెట్టాక డిగ్ కమాండ్‌తో ఒకసారి చదివి చూడు.

కరెంటు పోతే మెయిళ్ళన్నీ పోతాయని నీ భయం. అక్కర్లేదు. అవతలి సర్వర్ తలుపు కొట్టి, పలక్కపోతే వెళ్ళిపోయి మళ్ళీ వస్తుంది. నాలుగైదు రోజులైనా ప్రయత్నించాలని నియమమే ఉంది, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు దాచి ఉంచుతుంది. వీపీఎస్ మధ్యలో ఉంటే నీకొచ్చిన మెయిళ్ళ వరస అక్కడే నిలబడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేకపోతే తప్ప నీకేం కాదు. అయినా ఇన్వర్టర్ లైను మీద కంప్యూటర్‌తో పాటు ఫైబర్ డబ్బాని కూడా పెట్టు. సర్వర్ వెలుగుతూ ఫైబర్ డబ్బా ఆరిపోతే ఏం లాభం?

బ్యాంకుకి, ఆధార్‌కి, ఉద్యోగాల సైట్లకి ఇచ్చిన మెయిల్ ఇప్పుడే దీనిలోకి మార్చకు. ఒక ఏడాది గడవనీ. మీ అమ్మ మెయిల్‌నైతే అసలు ముట్టుకోకు. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు సర్వర్ పడుకుంటే లేపాల్సింది ఆవిడే. డొమైన్ గడువు మీద మాత్రం కళ్ళు పెట్టుకుని ఉండు. దాన్ని వదిలేస్తే ఇంకెవరో కొనుక్కుంటారు. ఆ రోజు నుంచి నీకొచ్చే మెయిల్, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులతో సహా, వాళ్ళ పెట్టెలో పడుతుంది. రెన్యువల్ నోటీసులు ఆ డొమైన్ మెయిల్‌కే వచ్చేట్టు పెట్టుకునే తెలివితక్కువ పని చెయ్యకు.

బ్యాకప్ ఇంట్లో ఒకటి, బయట ఒకటి. తీశానని చెబితే నేను నమ్మను. వేరే డిస్కు మీద తిరిగి ఎక్కించి, మెయిల్ పెట్టెలు తెరిచే డవ్‌కాట్‌లో తెరిచి, పాత మెయిల్ చదివి వినిపించు.

అంతా అయ్యాక మొదటి మెయిల్ నాకే పంపు. హెడర్లు చూసి ఎస్‌పీఎఫ్, డీకిమ్ పాసయ్యాయో లేదో చెబుతాను. స్పామ్‌లో పడినా ఫర్వాలేదు, ముందు అక్కడే వెతుకుతాను.

ఇట్లు,
మామయ్య